మే నెలలో హీటర్

మే నెల ఎండలో ఏసీ ఆపేసి హీటర్ పెట్టే డ్రైవర్‌ని ఏమనాలి? మంజులత మనసులో చాలానే అనుకుంది. పైకి మాత్రం అద్దాలు దించమంది.

"దించిన మేడమ్. జర ఓపిక పట్టుండ్రి. ఇంజన్ వేడి మనమింత పంచుకుంటేనే అది బతుకుతది," అన్నాడు బాలనర్సయ్య.

కృష్ణానగర్ దాటి చెక్‌పోస్ట్ వైపు ఎత్తు ఎక్కే దారి. ముందూ వెనకా బండ్లే. ఆమె ఒళ్లో హీరోయిన్ చీర. మధురానగర్ టైలర్ దగ్గర్నుంచి తెస్తోంది. పదకొండు నలభైకి ఫిల్మ్ నగర్‌లో ముహూర్తం షాట్. భీమవరం నుంచి వచ్చి మూడేళ్లు ఇంకొకరి కింద గుండీలు కుట్టాక, కాస్ట్యూమ్స్ చూసుకోమని ఆమె చేతికొచ్చిన మొదటి సినిమా ఇది. చీర ఆలస్యమైతే ఇదే ఆఖరిది కూడా.

ఇంజన్ వేడి చూపే ముల్లు ఎర్రగీతను తాకింది. అతను బండిని పక్కకు తీసి బానెట్ లేపాడు. మంజులత నీళ్ల సీసాతో పరుగున దిగి రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయింది. అతను ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఇప్పుడు తీస్తే ఉడుకునీళ్లు మొఖం మీదికి ఎగజిమ్ముతయ్."

చెయ్యి ఇంకా పట్టుకునే ఉన్నాడని ఇద్దరికీ కాసేపాగి గుర్తొచ్చింది. ఇద్దరూ ట్రాఫిక్ వైపు చూశారు, అక్కడ చూడ్డానికేదో ఉన్నట్టు.

ఎందుకింత వేడెక్కిందని ఆమె అడిగింది. అతను బండి ముందు భాగం చూపించాడు. గ్రిల్ మొత్తాన్ని కప్పేసి సినిమా ఫ్లెక్సీ. దాని మీద హీరో నవ్వుతున్నాడు. ముహూర్తం రోజు కంపెనీ కార్లన్నిటికీ అలా కట్టించడం మేనేజర్ ఆచారం.

"మూతికి బట్ట కడితే బండికి గాలెట్లాడుతది? పొద్దుగాలే చెప్పిన. నీకు స్టీరింగ్ చాలు, నోరెందుకన్నడు."

విప్పెయ్యొచ్చు కదా అనబోయి ఆగింది. విప్పితే అతని ఉద్యోగం ఉండదు. ఇంజన్ పోయినా ఉండదు. కారు నడిపేవాడికే కారు సంగతి తెలుసని ఒప్పుకోవడానికి ఇక్కడ ఎవడికీ నోరు రాదు. కుట్టేవాళ్ల గతీ అంతే. జాకెట్ చంకలో పట్టేస్తుందని తను ఎన్నిసార్లు చెప్పింది, ఎవరు విన్నారు?

పావుగంటకు ఇంజన్ చల్లబడింది. ఆమె బ్యాగులోంచి కత్తెర తీసింది. అంచులన్నీ వైర్లతో బిగించేశారు, విప్పడానికి పటకారు లేదు. కోస్తే మధ్యలోంచే కొయ్యాలి.

"హీరో మొఖం కొయ్యకుండ్రి మేడమ్. ముహూర్తం రోజు అపశకునమంటరు."

"ముహూర్తానికి చీర రాకపోతే ఏమంటారండీ?"

హీరో ముక్కు మీదుగా కోసేసింది.

పదకొండు ముప్పై ఆరుకు చీర చేరింది. షాట్ అయ్యాక మేనేజర్ అనంతపద్మనాభం రెండు ముక్కల హీరోను చేత పట్టుకుని బాలనర్సయ్య మీదికొచ్చాడు.

"కోసింది నేనండీ," అంది మంజులత.

అయితే రేపట్నుంచి రానక్కర్లేదన్నాడు మేనేజర్.

బాలనర్సయ్య వెళ్లి పటకారు తెచ్చి పక్క కారు ఫ్లెక్సీ విప్పడం మొదలుపెట్టాడు. ఆ కారు డ్రైవర్ లక్ష్మయ్య తర్వాతి కారు దగ్గరికి నడిచాడు. పది నిమిషాల్లో ఎనిమిది కార్లూ ఊపిరి పీల్చుకున్నాయి. ఫ్లెక్సీలు మడతపెట్టి మేనేజర్ ముందు పెట్టి, ఆమె రాకపోతే రేపు మేమూ రామని అందరూ నిలబడ్డారు. రేపు అవుట్‌డోర్. కార్లు కదలకపోతే షూటింగే లేదు. మేనేజర్ రేపటి జాకెట్లు ఆరింటికల్లా రెడీగా ఉంచమని ఆమెతో అనేసి వెళ్లిపోయాడు. తప్పయిందని చెప్పడం అలాంటివాళ్లకు ఎవరూ నేర్పరు.

సాయంత్రం ఆమెను దింపడానికి వెళ్తుంటే చెక్‌పోస్ట్ దగ్గర మళ్లీ ట్రాఫిక్. ముల్లు మాత్రం బుద్ధిగా మధ్యలో ఉంది.

"మా అమ్మ బోరబండల ఉంటది," అన్నాడు బాలనర్సయ్య, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఫోన్ల అంతా చెప్పిన. నీ మాటిన్న పిల్లను జర నేను గూడ జూస్తనంటుంది."

ఈసారి మేడమ్ అనలేదు. ఆమె గమనించింది.

"అటువైపు ట్రాఫిక్ బాగా ఉంటుందా?"

"మస్తుంటది."

"అయితే వెళ్దాం," అంది మంజులత, అద్దం దించుకుంటూ. "హీటర్ పెట్టుకున్నా ఏమీ అననులే."