ముప్పై ఏడు రోజుల పట్టిక

ఆ ఉదయం అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్ ఊరి మీద ఆకాశం పొయ్యి బూడిద కలిపిన నీళ్లలా ఉంది. మబ్బు కాదు, ఎండ కాదు. పైన్ చెట్ల పుప్పొడి కార్ల మీద, మెయిల్‌బాక్సుల మీద, ఊరందరి ముక్కుల్లో పసుపుగా పేరుకుంది. చాలా ఎత్తున ఏదో మిలిటరీ విమానం గీసిన గీత తెగిన నూలుపోగులా చెదిరిపోతోంది. ఒక వాన పడితే అన్నీ కడుక్కుపోయేవి. వాన వచ్చే సూచన లేదు.

వీధి చివర నిలబెట్టిన డెలివరీ వ్యాన్‌లో ఫణి ఫైలు చదువుతున్నాడు. ఎదురుగా అతని చీఫ్ నళిని. నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్‌లో పుట్టి పెరిగిన మనిషి. ఆమె తెలుగు అమెరికన్ యాసలో, చివర్లు అరిగిపోయి ఉంటుంది.

"ఎంతవరకు డీకోడ్ అయింది?" అడిగాడు ఫణి.

"హాఫ్. నువ్వు చదువు, తర్వాత కోప్పడు."

ఫైలు ఒక ఆయుధ వ్యాపారుల ముఠాది. ఆ ముఠాకి జెండా లేదు. నాలుగు దేశాల పాస్‌పోర్టులు, ఒకటే బుద్ధి. యుద్ధానికి కావలసినవి అమ్మడం, యుద్ధం అయ్యాక కావలసినవి కూడా అమ్మడం. ఫణి, నళిని పనిచేసే గూఢచారి ఏజెన్సీ దానికి పెట్టిన పేరు 'వర్క్‌షాప్'. వాళ్ల స్టోరేజ్ యూనిట్‌లో నిన్న దొరికిన ఫైలు ఇది. పైన ఒక పాత తేదీ: 1914, జూన్ 28. ఆస్ట్రియా యువరాజు కారు దారి తప్పింది. వెనక్కి తిప్పుకోవడానికి డ్రైవరు ఆపిన చోటే తుపాకీ పట్టుకున్నవాడు నిలబడి ఉన్నాడు, కాల్చేశాడు. ముప్పై ఏడు రోజులు గడిచేసరికి యూరప్‌లో ఐదు పెద్ద రాజ్యాలు యుద్ధంలో ఉన్నాయి. ఒకరికిచ్చిన మాట కోసం ఇంకొకరు, వాళ్ల వెనక మరొకరు. ఆ తర్వాత అది సముద్రాలు దాటింది.

ఆ ముప్పై ఏడు రోజుల వరసనే వర్క్‌షాప్ ఇప్పటి దేశాల పేర్లతో పట్టికగా రాసుకుంది. ఒకటో రోజు: కమ్మింగ్, జార్జియా. ఐదో రోజు ఫలానా దేశం రాయబారిని వెనక్కి పిలుస్తుంది. పన్నెండో రోజు ఫలానా రేవు మూత. ముప్పై ఏడో రోజు గడిలో పదకొండు దేశాలు.

ఫణి చివరి పేజీ తిప్పి ఆగిపోయాడు. ఒక స్మారక స్తూపం డిజైన్. నల్లరాయి, చుట్టూ మెట్లు, పేర్లు చెక్కడానికి ఖాళీ పలకలు. పలకకి ఎన్ని పేర్లు పడతాయో కూడా పక్కన రాసి ఉంది.

అతను ఫైలు మూశాడు. చచ్చిన ఎలుకని తోక పట్టుకుని ఎత్తినట్టు రెండు వేళ్లతో నళినికి అందించాడు. చేతులు తుడుచుకోవడానికి ఏదైనా ఉందేమోనని చూశాడు.

"ఇంకా ఎవరూ చావలేదు, సమాధికి కొలతలు తీసుకున్నారు," అన్నాడు.

"ఐ నో. అందుకే ఈరోజు లంచ్ సేఫ్‌గా అవ్వాలి."

లంచ్ ఆ వీధిలోనే, ఈశ్వరయ్య ఇంట్లో. ఆయన రిటైరైన హిస్టరీ ప్రొఫెసర్. సముద్రం అవతల రెండు దేశాలు మూడు వారాలుగా సరిహద్దులో కొట్టుకుంటున్నాయి. రెండు దేశాల దూతలూ ముప్పై ఏళ్ల కిందట ఆయన క్లాసులో పక్కపక్కన కూర్చున్నవాళ్లు. ఇద్దరికీ ఆయన సి గ్రేడే ఇచ్చాడు. యుద్ధం ఆపే మాట ఎవరి రాజధానిలోనూ ఆడలేక, ఎవరూ వెతకని చోటని, మాస్టారి ఇంటికి వచ్చారు. ఆ బల్ల దగ్గర వాళ్లలో ఒక్కడు చచ్చినా ఒకటో రోజు గడి నిండినట్టే.

"రష్మి ఏమంటోంది?"

రష్మి దూతలకి దుభాషి. మంచి పట్టుచీర కట్టి, నాలుగు భాషల్లో నవ్వగలదు. వర్క్‌షాప్ మనిషి. ఏడాదిగా నళినికి కూడా కబుర్లు అమ్ముతోంది.

"రూఫ్ మీద షూటర్ అంటోంది. చర్చి వైపు నుంచి. టీమ్ మొత్తం అక్కడ పెట్టాను. నువ్వు కిచెన్‌లో ఉండు."

"అందర్నీ పైకి చూడమంటోందన్నమాట."

నళిని చెవిలో పెట్టుకునే బుడిపె అతనికి అందించింది.

ఫణి మారువేషానికి గడ్డం, విగ్గు అక్కర్లేకపోయింది. లేఆఫ్ అయి, అరవై రోజుల్లో వీసాకి ఇంకో కంపెనీ దొరక్క, మేనత్త ఇంట్లో తలదాచుకున్న మేనల్లుడు. అలాంటివాడిని ఎవరూ రెండో ప్రశ్న అడగరు. పది గంటలకి సరుకుల సంచితో వచ్చిన రష్మి కూడా అతన్ని చూసి "అయ్యో, మార్కెట్ బాలేదు కదా," అని మొహం తిప్పుకుంది. సంచిలోవి తనే ఫ్రిజ్‌లో సర్దింది.

ఈశ్వరయ్య భార్య శేషమ్మకి అసలు సంగతి తెలుసు. అయినా వంకాయలు అతని ముందుకు తోసింది.

"ఏజెంటువో ఏంటో, ముందు ఇవి తరుగు నాయనా. ఇంత లావు ముక్కలా? మీ ఆఫీసులో కత్తి పట్టడం నేర్పలేదూ?"

"తుపాకీ నేర్పారత్తయ్యా."

"దాంతో వంకాయ కూర అవదుగా."

పన్నెండుకి ఐదు నిమిషాలుందనగా దూతలు బల్ల దగ్గర కూర్చున్నారు. ఒకాయన పొడుగు. ఇంకొకాయనకి కళ్లజోడు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ముద్దపప్పు, గోంగూర, వంకాయ కూర, చారు. పన్నెండూ పన్నెండుకి రష్మి వంటగది గుమ్మంలోకి వచ్చి, ఫ్లైట్ టైమైందనీ, లోపల మాటలకి మాస్టారి ఇంగ్లీషు చాలుననీ చెప్పి వెళ్లింది. శేషమ్మ ఆమె వెనకే వాకిలి దాకా వెళ్లి వచ్చింది.

పన్నెండూ ఇరవై ఐదుకి ఫణి చెవిలో నళిని గొంతు.

"డే వన్ పేజీ డీకోడ్ అయింది. షూటర్ లేడు. విను: ఆఖరి వడ్డన. అతిథులు లేవకముందు. మూత తీస్తే చాలు, తీయకపోయినా పన్నెండూ నలభైకి దానంతటదే. అది పాయిజన్ గ్యాస్, ఫణి. మైలు దూరం పోతుంది."

ఆఖరి వడ్డన. ఫణికి ఆలోచించే పనిలేదు. ఏ తెలుగు ఇంట్లోనైనా భోజనం పెరుగుతోనే ముగుస్తుంది, అది పడేదాకా ఎవరూ లేవరు. ఆ దరిద్రులు ఇంటి మర్యాద కూడా అడిగి తెలుసుకుని దాన్లోనే విషం దాచారు.

ఫ్రిజ్ తెరిచాడు. పెరుగు డబ్బాలు. ఒకటి కాదు, పదకొండు. అన్నీ ఒకే కంపెనీవి, ఒకే సైజు. లేబుళ్లు డిష్‌వాషర్‌లో పడీ పడీ వెలిసిపోయాయి.

"అత్తయ్యా, వీటిలో పెరుగేది?"

"వాటిలో పెరుగెందుకుంటుంది? అది దోసెల పిండి. అది చింతపండు గుజ్జు. పెరుగు నేను తోడేసింది, స్టీలు గిన్నెలో ఉంది."

"రష్మి తెచ్చిన కొత్త డబ్బా?"

"సీలు కూడా విప్పని దాన్నేగా నువ్వనేది?" శేషమ్మ గిన్నె మీద మూత సరిచేసింది. "కొన్న పెరుగు ఈ ఇంట్లో ఎవరు తింటారు? ఆడపిల్ల ఉత్త చేతులతో వెళ్తోందని ఇంత గోంగూర, ఇంత పిండి సంచిలో పెట్టాను. ఆ డబ్బా కూడా దాంట్లోనే వేసేశాను. ఫోన్ మాట్లాడుకుంటోంది, కారు వెనక సీట్లో పెట్టి వచ్చా. వద్దనడానికి కూడా వీలివ్వలా."

ఫణి అప్పటికే పరిగెత్తుతున్నాడు. వ్యాన్ ఎక్కుతూ ఫోన్ కొట్టాడు. మూడో సారికి రష్మి ఎత్తింది. వెనక ట్రాఫిక్ చప్పుడు.

"ఎవరు?"

"లేఆఫ్ అయిన మేనల్లుణ్ని. ఎక్కడున్నావు?"

"ఫోర్ హండ్రెడ్ హైవే మీద. నేను బిజీ, తర్వాత—"

"వెనక సీట్లో సంచి ఉంది. చూడు."

"ఏ సంచి?"

"ఆంటీ పెట్టింది. చూడు, రష్మీ."

చక్రాల చప్పుడులో సంచి గరగరలాడింది. తర్వాత ఆమె ఊపిరి.

"అది ఫ్రిజ్‌లో పెట్టాను," అంది. గొంతులో నాలుగు భాషలూ పోయాయి.

"నీ టైము నాకంటే నీకే బాగా తెలుసు. వ్యాన్‌లో బాంబులు మూసే, గాలి కూడా బయటికి పోని స్టీలు డ్రమ్ము ఉంది. తర్వాతి ఎగ్జిట్ తీసుకుని వెనక్కి రా. దారిలో ఇంకో చర్చి, తెల్లది, పెద్ద పార్కింగ్. మేమూ అక్కడికే వస్తున్నాం."

"కారు వదిలేసి పరిగెత్తచ్చు నేను."

"వదిలేయి. పక్కన ఎవరున్నారో చూసి వదిలేయి."

ఫోన్ కట్ అయింది. నళిని డ్రైవ్ చేస్తూ, "వస్తుందా?" అంది. ఫణి "తెలీదు," అన్నాడు. మేప్‌లో రష్మి ఫోన్ చుక్క ఒకచోట ఆగి ఉంది. పన్నెండూ ముప్పై. ముప్పై ఒకటి. చుక్క కదిలింది. ఎగ్జిట్ వైపు.

చర్చి పార్కింగ్ ఖాళీగా, పుప్పొడితో పసుపుగా ఉంది. పన్నెండూ ముప్పై తొమ్మిదికి రష్మి కారు గడ్డి తొక్కుకుంటూ వచ్చి వ్యాన్ వెనక ఆగింది. ఫణి సంచి తీసుకున్నాడు. మూడు డబ్బాలు. ఏది ఏదో వెతికే వ్యవధి లేదు. సంచితో సహా డ్రమ్ములో దించాడు. నళిని మూత వేసి బిగింపు లాగింది. అది ఒక పక్క పట్టలేదు. ఫణి మోకాలితో తన్నాడు. టక్కుమంది.

లోపల ఎవరో గొంతు సవరించుకున్నట్టు చిన్న చప్పుడు. డ్రమ్ము మీద ఎర్ర లైటు వెలిగింది. మూత దగ్గర గేజ్ ముల్లు వణికి, సున్నా మీదే నిలబడింది. అంతే.

రష్మి తారు మీద కూర్చుండిపోయింది. పట్టుచీర నిండా పసుపు పొడి.

"కారు ఆపినప్పుడు పక్కన స్కూల్ బస్సు ఉంది," అంది ఎవరూ అడక్కుండానే. "కిటికీలోంచి ఒకమ్మాయి నాకు చెయ్యి ఊపింది."

"మీ పట్టికలో ముప్పై ఏడో రోజున బస్సులు లేవా?" అన్నాడు ఫణి.

"అందులో అన్నీ అంకెలే."

ఆమె మీద అతనికి జాలి కలగలేదు. ఒక్కసారి బండి తిప్పినందుకు మనిషి పాపం కడుక్కుపోదు. నళిని ఆమెకి బేడీలు వేస్తుండగా ఫోన్ మోగింది. నళిని విని, పెట్టేసి, ఫణి వైపు చూడకుండా చెప్పింది.

"పైవాళ్లు కంగ్రాట్స్ అన్నారు. ఫైలు డిస్ట్రాయ్ చేయద్దట. స్టడీ చేస్తారట. ప్లానింగ్ చాలా బావుందట."

ఫణి పక్కకి తిరిగి గడ్డిలో ఉమ్మాడు.

ఒంటిగంటకి వాళ్లు తిరిగి వచ్చేసరికి దూతలు బల్ల దగ్గరే ఉన్నారు. జరిగింది విన్నారు. విన్నాక కూడా వాదించుకుంటున్నారు. సంతకం ఇవాళ, కాల్పుల విరమణ మాత్రం సోమవారం ఉదయం నుంచి అని పొడుగాయన. అప్పటికి ఒక కొండ తమ చేతికి వస్తుందట. సరే, అయితే తమకి ఒక వంతెన అని కళ్లజోడాయన.

ఈశ్వరయ్య ఎండిన చెయ్యి ప్లేటు మీద పెట్టుకుని వింటున్నాడు. చివరికి క్లాసులో మాట్లాడినట్టు, గొంతు పెంచకుండా అన్నాడు.

"మీకు సి ఎందుకిచ్చానో ఇప్పుడు గుర్తొస్తోంది. ఆఖరి పాఠం రోజు ఇద్దరూ రాలేదు. మొదటి ప్రపంచ యుద్ధం ఎలా ఆగిందో తెలుసా? 1918, నవంబర్ పదకొండు, తెల్లవారుజామున ఐదింటికి సంతకాలైపోయాయి. తుపాకులు ఆపింది మాత్రం పదకొండింటికి. అయిపోయిందని తెలిసి కూడా కాల్చుకున్నారు. ఆ ఒక్కరోజే రెండున్నర వేల మందికి పైగా పోయారు. అందులో ఏ కొండ ఎవడికి దక్కిందో చెప్పండి. చెబితే గ్రేడ్ మారుస్తాను."

కళ్లజోడాయన ఒప్పందం కాగితం మీద సోమవారం కొట్టేసి, ఇప్పటి టైము రాశాడు. పొడుగాయన దాని కింద పొట్టి సంతకం పెట్టాడు.

శేషమ్మ కిటికీలోంచి రష్మి ఉన్న వ్యాన్ వైపు చూసింది. "ఆ పిల్ల తిన్నదా?"

"అత్తయ్యా, మిమ్మల్నందర్నీ చంపబోయింది ఆ పిల్లే."

"విన్నాను. తిన్నదా అని అడుగుతున్నా."

రష్మిని తీసుకొచ్చి కుర్చీకి ఎడమ చెయ్యి కట్టేశారు. కుడిచెయ్యి వదిలారు, అన్నం తినాలిగా. పక్కన నళిని, ఎదురుగా ఫణి, బల్లకి ఆ పక్క ఈ పక్క రెండు దేశాలు. శేషమ్మ అందరికీ వేడన్నం వడ్డించి, మారు అడగకుండానే ఇంకో గరిటె వేసింది. పళ్లేల చప్పుడు, చారు జుర్రిన చప్పుడు, బేడీ గొలుసు ఒకసారి కదిలిన చప్పుడు.

మధ్యలో కళ్లజోడాయన చెయ్యి ఏదో వెతికింది. పొడుగాయన తల ఎత్తకుండానే ఉప్పు గిన్నె అటు జరిపాడు. మూడు వారాల్లో ఆ రెండు దేశాలు అవతలివాళ్లకి పేలనిది పంపడం అదే మొదటిసారి.