పావురాల బిలంలో తెగిన తాడు

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ పాత గోడ కూలుస్తుండగా ఖాశింపీరా చేతికి ఒక నల్లపలక దొరికింది. దుమ్ము తుడిచి చూస్తే దాని మీద ఏనుగు పడుకున్నట్టున్న కొండ, దాని పక్కన వాగు, కొండ కడుపులో ఎగురుతున్న పావురాలు చెక్కి ఉన్నాయి. కింద నాలుగు వరసల పాత అక్షరాలు. పీరా రాయి కోసే యంత్రాలు బాగుచేసే మెకానిక్కు. మరలూ బోల్టులూ చదవగలడు గాని ఆ లిపి అతనికి కొరుకుడు పడలేదు. పలకను తువ్వాలులో చుట్టుకుని నేరుగా తిరువెంగళాచారి ఇంటికి వెళ్ళాడు.

ఆచారి బడిపంతులుగా పనిచేసి దిగిపోయినవాడు. ఇద్దరిదీ ఇరవై ఏళ్ళ స్నేహం. పీరా కూతురు అక్షరాలు దిద్దింది ఆయన అరుగు మీదే. ఆయనకు గుండెనొప్పి వచ్చినప్పుడు భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది పీరాయే.

ఆచారి భూతద్దం పెట్టి చదివి ఒక్కసారిగా తలెత్తాడు. "పీరా! అమ్మవారి నగలు! దండు వస్తోందని పూజార్లు ఏనుగురాయి కొండలో, పావురాల బిలంలో దాచారంట!"

"దొరికితే సర్కారుకు అప్పజెప్పాల గదా, అయ్యోరా?"

"అంతే గదరా! నగలు అమ్మవారివి. దొరికించిన పేరు మనది."

ప్రయాణానికి ముందురోజు ఇద్దరూ మస్తానమ్మ హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్ళారు. పనిముట్ల సంచి మోసుకుంటూ కొండ ఎక్కలేరు. జేబులో పట్టే మల్టీ టూల్ ఒకటి కావాలి. మస్తానమ్మ అద్దాల పెట్టె తెరిచి ఏడెనిమిది రకాలు బల్ల మీద పరిచింది. ఆచారి చూపు ఎర్రపిడి దాని మీద పడింది.

"ఇది చూడరా, ఇరవయ్యొక్క పనులు చేస్తుందంట! చేపపొలుసు కూడా తీస్తుందంట!"

"ఇరవయ్యొక్క పనులు రాసుండే డబ్బా బలే ఉంది గాని అయ్యోరా, అది చేతికి కుదరాల," అని పీరా కళ్ళు మూసుకుని ఒక్కొక్కటీ ఎడమచేత్తో విప్పి చూశాడు. ఒకదాని కత్తి గోరు విరిగేలా ఉంది. ఇంకొకటి అరచేతిలో ఇటుకంత బరువు.

"ఇంత బరువైతే నాలుగు రోజులు జేబులో పెట్టి, అయిదోరోజు ఇంట్లో పారేస్తాం. అక్కరొచ్చినప్పుడు ఇంట్లో ఉండి ఏం లాభం?"

చివరికి అతను బూడిదరంగుది ఒకటి తీసుకున్నాడు. గట్టి కటింగ్ ప్లయర్, అరచేయంత రంపం, మందపాటి స్క్రూడ్రైవరు, ఒక కత్తి, అంతే. కత్తి విప్పి వెనకనుంచి బల్లకేసి కొట్టి చూశాడు. లాకు కదలలేదు. మస్తానమ్మ ఇచ్చిన కట్టుడుతీగ ముక్కను ప్లయరుతో నొక్కితే టక్కున తెగింది.

"ఇదమ్మా నాకు కావాల్సింది!"

ఆచారికి మాత్రం ఒకే అలుగున్న మడతకత్తి ఎంచి ఇచ్చాడు. "మీ చేతికి ఎక్కువ మడతలుంటే వేళ్ళు తెగుతాయి," అని నవ్వి, ఆ సాయంత్రం పలకరాయి మీద తానే దానికి పదును పెట్టాడు. కాగితం అంచున పెడితే చాలు, కత్తి దానంతట అదే జారిపోయేంత పదును.

మర్నాడు పొద్దున్నే నల్లమల చెక్‌పోస్టులో పేర్లు రాయించి, మండ్లి ఈదన్న అనే చెంచు మనిషిని దారి చూపేందుకు వెంటబెట్టుకున్నారు. వెదురుపొదలు చీల్చుకుంటూ, బండలు పట్టుకు పాకుతూ, ఎండ నెత్తికెక్కే వేళకు ఏనుగురాయి తొండం కిందికి చేరారు. అక్కడ రాతిగోడ చీలి చీకటినోరు తెరుచుకుని ఉంది. పావురాలు గుంపుగా రివ్వున బయటికి లేచాయి.

"ఈదన్నా! వాగు కాడికి పోయి తిత్తులు నింపుకుని రా," అన్నాడు ఆచారి. ఈదన్న వెళ్ళాడు.

టార్చి వెలుగులో ఇద్దరూ లోపలికి నడిచారు. యాభై అడుగులు పోయేసరికి నేల కాలికింద మాయమైంది! నిట్టనిలువు గొయ్యి. పీరా తాడును రాతిస్తంభానికి కట్టి మూడుసార్లు గుంజి చూసుకుని దిగాడు. అడుగున ఇసుక. ఇసుకలో సున్నం పూసిన గూడు. స్క్రూడ్రైవరుతో సున్నం పెకలిస్తే చిన్న రాగిపెట్టె బయటపడింది. మూత సందులోంచి పచ్చటి మెరుపు!

"దొరికింది అయ్యోరా! దొరికిందీ!"

"కట్టరా, తాడుకు కట్టు! ముందు పెట్టె పంపించు!"

పెట్టె పైకి వెళ్ళింది. తాడు మళ్ళీ కిందికి వచ్చింది. పీరా దాన్ని పట్టుకుని ఎగబాకసాగాడు. రెండు నిలువులు ఎక్కాడో లేదో తాడు ఒక్కసారిగా వదులైంది. వెల్లకిలా ఇసుకలో పడ్డాడు.

"అయ్యోరా! తాడు తెగింది! నాకేం కాలేదు, భయపడొద్దు!"

పైన అంచు దగ్గర టార్చి వెలుగు ఒక్క క్షణం నిలిచింది. వెలుగు వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

పీరా తన టార్చి తాడు కొస మీద వేశాడు. రాతికి ఒరుసుకుని తెగిన తాడైతే పీచులు లేచి ఉండాలి. ఇది ఒక్క కోతతో, గీసినట్టు తెగి ఉంది. ఆ పదును తన చేతిదే. "అయ్యోరా" అని మళ్ళీ పిలవబోయి, ఎవర్ని పిలుస్తున్నాడో గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

ఎంతసేపు కూర్చున్నాడో తెలియదు. చెంప మీద చల్లగాలి తగిలింది. గాలి ఉందంటే దారి ఉంది! బండ పక్కన సన్నటి సందు, దాన్ని అల్లుకుని మణికట్టంత లావు చెట్టువేళ్ళు. పీరా రంపం విప్పాడు. వేరు తర్వాత వేరు, పొట్టు కళ్ళలో పడుతుండగా కోశాడు. చేతివేళ్ళు బొబ్బలెక్కి చిట్లి, పిడి నెత్తురుతో జారింది. రంపం రెండుసార్లు బిగుసుకుంది గాని లాకు విడలేదు. చివరి వేరు తెగగానే తల దూర్చి, బురదలో బోర్లా పడి, మోచేతుల మీద పాకాడు. రాయి వీపును గీరింది. ముందు వెలుగు, ఆపైన నీళ్ళ చప్పుడు!

తిత్తులు నింపుకుని పోయి, బిలం దగ్గర ఎవరూ కనబడక వెతుక్కుంటూ మళ్ళీ వాగు ఒడ్డుకు దిగిన ఈదన్న ఉలిక్కిపడి ఆగాడు. "పీరన్నా! రాళ్ళలోంచి వస్తివేంది? అయ్యోరేడి?"

జవాబు చెప్పేలోగా కిందనుంచి కేక వినబడింది. "రక్షించండి! చచ్చిపోతున్నా!"

ఇద్దరూ పరుగెత్తారు. అడవిపందుల కోసం ఎవరో దొంగచాటుగా పన్నిన తీగ ఉచ్చులో ఆచారి కాలు చిక్కుకుని ఉంది. గుంజుకున్న కొద్దీ తీగ కండలోకి దిగింది. పక్కన రాగిపెట్టె, తీగ కోయబోయి మొద్దుబారిన మడతకత్తి. పీరాను చూడగానే ఆచారి ముఖం పాలిపోయింది.

పీరా రెండు ముక్కల్లో తాడు సంగతి చెప్పేసరికి ఈదన్న ఉమ్మివేసి, "వదిలేసి పోదాం పా, అన్నా," అన్నాడు.

పీరా కదలకుండా నిలబడ్డాడు. వదిలేసి వెళ్ళడం ఎంత తేలికో ఒక్క క్షణం అతనికీ తెలిసింది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని ప్లయరు పళ్ళ మధ్య తీగను ఇరికించి, రెండుచేతులతో నొక్కాడు. పోగు పోగుగా తెంచాడు. కాలికి తన తువ్వాలు కట్టాడు.

"ఎందుకు చేసినావు?" అని అడిగాడు, తల ఎత్తకుండానే.

ఆచారి ఏడుస్తూ అన్నాడు, "పెట్టె పైకొచ్చినాక భయమేసింది పీరా. దాన్ని చూసి నువ్వే నన్నేమన్నా చేస్తావేమోనని..."

తాడు తెగినప్పటికంటే ఆ మాటకే పీరా ఎక్కువ కుంగిపోయాడు. తువ్వాలు ముడి బిగించి లేచాడు.

ఈదన్న ఆచారిని నడిపించాడు. పెట్టె పీరా మోశాడు. చెక్‌పోస్టులో అధికారి కంటెలు, వడ్డాణం, కాసులపేరు చూసి నోరు తెరిచాడు. పంచనామా రాయమని గుమాస్తాను పురమాయించి, "తాడెలా తెగింది?" అని అడిగాడు.

ఆచారి చేతులు జోడించాడు. "పీరా... ఇరవై ఏళ్ళ స్నేహంరా."

"ఈయన కోసినాడు, సార్," అన్నాడు పీరా. "అట్నే రాసుకోండి."

కాగితాలయ్యాక అధికారి ఫోను చేతికిచ్చి ఇంటికి మాట్లాడమన్నాడు. అవతల భార్య గొంతు ఆత్రంగా పలికింది.

"దొరికిందా? పోనీలే, దొరక్కపోయినా పర్వాలేదు, నువ్వు బాగున్నావు గదా! అయ్యోరు బాగున్నాడా? పెద్దమనిషి, జాగ్రత్తగా పట్టుకుని నడిపించుకుని రా."

పీరా ఆచారి కాలికి కట్టిన తన తువ్వాలు కేసి చూశాడు. అవతల ఆమె "ఏమయ్యా, వినపడతాందా?" అని పిలుస్తూనే ఉంది.