ఇరవై ఏడు డిగ్రీల దగ్గర ఒక సంతకం

"మీరు గీసిన తీగ నా కెపాసిటర్‌ని రాసుకుంటూ పోతోంది. కాస్త దూరం జరపండి" అన్నాడు డిజైనర్, ఆమె స్క్రీన్ మీద వేలు పెట్టి.

"మీ కెపాసిటర్‌కి అంత సిగ్గైతే పరదా కట్టుకోమనండి" అంది లేఅవుట్ అమ్మాయి.

పరిచయం అలా తగువుతోనే మొదలైంది. అతను గీసిన సర్క్యూట్‌ని చిప్ మీద సర్దడం ఆమె పని. ఆ చిప్ గుండె జబ్బున్నవాళ్ల చర్మం కింద కూర్చుని, గుండె కొట్టుకోవడాన్ని అంకెలుగా మార్చాలి. గింజంత బ్యాటరీతో ఐదేళ్లు నడవాలి. అతను మాటలు కూడా అంత పొదుపుగానే వాడేవాడు. అందుకని ఆమె అతన్ని మైక్రోవాట్ అనేది. ఏడాది తిరిగేసరికి వాళ్ల మధ్య 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. అంతకు మించి ఇద్దరూ నోరు విప్పలేదు.

చిప్ తయారై వచ్చింది. గదిలో చక్కగా పనిచేసింది. ఒంటి వేడికి, ముప్పై ఏడు డిగ్రీలకు తీసుకెళ్లగానే కరెంటు కారిపోవడం మొదలైంది. ఆ లెక్కన బ్యాటరీ రెండేళ్లకే చచ్చిపోతుంది. రోగిని మళ్లీ కోయాలి.

చిప్ చేయించేముందు సర్క్యూట్‌ని కంప్యూటర్లో పరీక్షించే సిమ్యులేటర్, తెరవగానే దానంతటది ఇరవై ఏడు డిగ్రీల దగ్గర ఉంటుంది. చివరిసారి నడిపినప్పుడు అతను దాన్ని ముప్పై ఏడుకి మార్చడం మరిచిపోయాడు. ఒకరి ఫలితాన్ని ఇంకొకరు చూసి సంతకం పెట్టాలన్నది అక్కడి నియమం. ఆ ఫలితం కింద ఉన్న సంతకం ఆమెది.

తప్పెవరిదో సాయంత్రంలోగా రాసివ్వమన్నాడు మేనేజర్. ఎవరి పేరు రాస్తే వాళ్ల ఉద్యోగం ఉండదని కూడా చెప్పాడు. ఆమె ఇంట్లో జబ్బుపడ్డ తల్లి ఉంది, సంపాదించేది ఆమె ఒక్కతే. తప్పంతా తనదేనని, ఆ ఫలితం ఆమెకు చూపించనే లేదని అతను రాసిచ్చాడు.

గేటు దగ్గర అతను బ్యాడ్జి అప్పగిస్తుంటే ఆమె వచ్చింది. బయట వాన.

"నాకు చూపించలేదని రాశావట."

"ఊఁ."

"చూపించావు. నేనే చూడకుండా పెట్టాను సంతకం. నీ పనిలో తప్పుంటుందని అనుకోలేకపోయాను."

అతను తల దించుకున్నాడు.

"నా సగం తప్పు నేను రాసిచ్చి వస్తున్నా. నన్నూ వెళ్లమన్నారు."

"మీ అమ్మగారికి ఏం చెబుతావ్?"

"ఫోన్ చేశాను. కాసేపు ఏడ్చింది. తర్వాత నిన్ను ఇంటికి తీసుకురమ్మంది."

"తిడతారా?"

"తిడుతుంది. ముందు అన్నం పెడుతుంది."

"నేనెవరినని చెప్పావు?"

"నన్ను చేసుకోబోయేవాడివని" అంది ఆమె, వానలోకి దిగుతూ. "అదైనా అబద్ధం కాకుండా చూడు."