బొగ్గు గీతల పక్కన నీలం సిరా

దివాకర్ గీసిన బొమ్మ మీద ఎవరో పెన్నుతో రాశారు. అనంతపురం కాలేజీలో బొమ్మలు గీసే గది అది. పొద్దంతా కూర్చుని బొగ్గుతో గీసిన వలయాల పక్కన నీలం సిరాతో ఒక వాక్యం: 'మూడో బోరు కూడా ఎండిపోయింది.'

రాసిన మనిషి ఎక్కడికీ పారిపోలేదు. పెన్ను పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. గుమ్మఘట్ట నుంచి కొత్తగా చేరిన మహేశ్వరి.

"ఏం పని ఇది? నేను వానచుక్కలు గీసినా."

"వానా? యాడ చూసినావప్పా?"

"చూడలేదు. అందుకే గీసినా."

"నాకైతే బోరుగుంతలే కనపడినాయి. మా చేన్లో మూడుండాయి."

కోపంగా రబ్బరు తీశాడు. సిరా చెరగలేదు. కాసేపు చూస్తే ఆ మాట వచ్చాకే బొమ్మ బతికిందనిపించింది. అయినా ఒప్పుకోకుండా మూతి ముడుచుకున్నాడు, మగపిల్లాడు కదా.

మర్నాడు ఇంకో కాగితం తనే ఆమె ముందుకు తోశాడు. "ఏం కనపడితే అది రాయి."

అలా మొదలైంది. అతను ఏ రూపమూ లేని గీతలు గీసేవాడు. ఆమె పక్కన తోచింది రాసేది. అది చదివి అతను మళ్లీ గీసేవాడు. మొదలుపెట్టేటప్పుడు ఇద్దరికీ ఏమీ తెలిసేది కాదు, కాగితం నిండేసరికి ఏదో ఒకటి తెలిసేది.

"నీకు మాటలు రావు, నాకు గీతలు రావు. ఇద్దరం కలిస్తే ఒక ఆర్టిస్టు లెక్క" అని ఆమె నవ్వేది. ఆ నవ్వు కోసం అతను ఎన్ని కాగితాలు పాడుచేశాడో అడక్కండి. ప్రేమించాడు, అంతే. చెప్పడమే చేతకాలేదు.

ఆగస్టు మబ్బులు వచ్చి, చూసి, పోయాయి. వేరుశెనగ మాడిపోయింది. ఒకరోజు మహేశ్వరి సంచితో వచ్చింది.

"నాలుగో బోరులోనూ నీళ్లు పడలేదు. నాయనా నేనూ బెంగుళూరు పోతాండాం, బిల్డింగు పనికి. గంటలో బస్సు."

"చదువు?"

"మానుకుంటాండా."

దివాకర్ కాగితం తీసి ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒకే గీత గీశాడు. ఆమె దాన్ని చాలాసేపు చూసి, పెన్ను అతని ముందు పెట్టింది.

"నేను రాయను. నువ్వే రాయి."

"నాకు రాయడం రాదు. నీకు తెలుసు కదా."

"తెలుసు. అయినా రాయి."

పెన్ను అందుకున్నాడు. 'నువ్వంటే నాకు ఇష్టం. పోవద్దు' అని రాశాడు.

చదివేసరికి ఆమె కళ్లు నిండాయి. గొంతు మాత్రం తడబడలేదు.

"ఆ పోవద్దు అనేది కొట్టేయి. నాయన ఒక్కడే ఇటుకలు మోయలేడు."

ఏడుస్తూనే కొట్టేశాడు. మిగిలినదాని కింద ఆమె 'నాకూ' అని రాసి, సంచి భుజానికేసుకుని బస్సుకు వెళ్లిపోయింది.