నీలం రంగు వీధి

"మీ వీధి చల్లగానే ఉంటుందండీ," అంది ఆ అమ్మాయి, కంప్యూటర్ మీంచి తల తిప్పకుండానే.

నేను నుదుటి మీది చెమట అరచేత్తో తుడుచుకుని, ఆ చెయ్యి ఆమె టేబుల్ మీద ఆనించాను. తడి మచ్చ పడింది. ఆమె ముందు మచ్చను చూసింది, తర్వాత నన్ను చూసింది.

అప్పటికింకా ఆమె మా ఆవిడ కాదు. పురపాలక కార్యాలయం రెండో అంతస్తులో, ఫ్యాను తిరగని మూలగదిలో కూర్చుని, ఊరి వేడికి మ్యాప్ వేసే ఉద్యోగి. అంతే. ఇప్పటికి పెళ్ళయి ఇరవై రెండు రోజులైంది కాబట్టి, "మా ఆవిడ" అని రాసే అవకాశం ఎక్కడ దొరికినా వదులుకోవడం లేదు. చదివేవాళ్ళు కాస్త సర్దుకోవాలి.

"చల్లగా ఉంటుందని ఎవరు చెప్పారండీ?"

"మ్యాప్ చెప్పింది." పెన్నుతో గోడ వైపు చూపించింది.

గోడంతా మా ఊరే. ఎక్కువ కాలే వీధులు ఎరుపు, తర్వాతవి నారింజ, పసుపు. ఆ మంటల మధ్య ఒక్కటే చిన్న నీలం గీత. అది మా వీధి. ఆ పక్కన నలభై వీధుల జాబితా అంటించి ఉంది. మొదటి పది వీధులకు ఈ ఏడాది చెట్లు, పందిళ్ళు, కప్పులకు తెల్ల రంగు. మాది నలభయ్యోది.

"మాది లాండ్రీ అండీ," అన్నాను. "ఆ వీధిలో మాలాంటివి పదకొండున్నాయి. అందరివీ రేకుల కప్పులే. ఈ వేసవిలో మా అమ్మ ఇస్త్రీ బల్ల దగ్గర రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయింది. మీరేమో మాకు నీలం రంగు వేశారు."

ఆమె ముఖంలో మొదటిసారి ఏదో కదిలింది. గొంతు మాత్రం తగ్గలేదు. "రంగు నేను వెయ్యలేదు, కొలత వేసింది. మీ వీధి స్తంభానికి ఒక పెట్టె బిగించాం. వేడెంత, గాలిలో తడెంత అని పది నిమిషాలకోసారి పంపిస్తుంది. మధ్యాహ్నం రెండింటికి మీ దగ్గర ముప్పై ఒకటి. ఊళ్ళో అంతకన్నా తక్కువ ఎక్కడా లేదు."

"ముప్పై ఒకటా? మా ఇస్త్రీ పెట్టె ఆపేశాక కూడా అంతకన్నా వేడిగా ఉంటుంది."

"మీ ఇస్త్రీ పెట్టెను మేం కొలవలేదు."

"రేపు రెండింటికి వచ్చి మా గుమ్మం ముందు పది నిమిషాలు నిలబడండి. చలేస్తే శాలువా నేనిస్తాను."

ఆమె పెదవి బిగించింది. నవ్వు ఆపుకుంటోందని అప్పుడు తెలియలేదు, కోపమనుకున్నాను. "వస్తాను," అంది. "శాలువా ఉతికిందే ఇవ్వండి."

మర్నాడు సరిగ్గా రెండింటికి వచ్చింది. తల మీద వెడల్పాటి టోపీ, చేతిలో వేడి కొలిచే సెల్‌ఫోనంత యంత్రం. వీధి మధ్యలో నిలబడి, యంత్రం చూసి, దాన్ని అరచేత్తో రెండుసార్లు తట్టింది.

"ఎంతండీ?" అన్నాను అమాయకంగా.

"నలభై మూడు."

"శాలువా తెమ్మంటారా?"

ఆమె నా వైపు చూసిన చూపుకు ఇంకో రెండు డిగ్రీలు పెరిగాయి. "మా పెట్టె ఎక్కడ?"

స్తంభం కోసం ఇద్దరం వెతికాం. కనపడదే. మా గోడ నుంచి ఎదురు గోడ దాకా, అక్కణ్ణుంచి మళ్ళీ వెనక్కి, హోటళ్ళ తెల్ల దుప్పట్లు తాళ్ళ మీద ఆరుతున్నాయి. ఆ తాళ్ళన్నీ మధ్యలో కట్టింది స్తంభానికే. ఆ సంగతి నాకు అప్పుడే గుర్తొచ్చింది. సర్కారు స్తంభానికి తాడు కడితే జరిమానా ఉంటుందేమో.

"ఆ తాళ్ళు మావి కావండీ," అన్నాను.

"మావేనమ్మా, నా పెళ్ళైన కొత్తల్నించీ అక్కడే కడుతున్నాం," అంది అమ్మ దుప్పట్ల వెనక నుంచి. "తడివి తాకకు, మరకలవుతాయి."

ఆమె రెండు దుప్పట్ల మధ్య జాగ్రత్తగా తల దూర్చింది. నేనూ దూర్చాను. లోపల స్తంభానికి ఓ తెల్ల పెట్టె. దానికి నాలుగు వైపులా, జానెడు దూరంలో, నీళ్ళోడుతున్న దుప్పట్లు. తడి నీడలో, సబ్బు వాసనలో, మహారాజులా కూర్చుంది. ఆమె యంత్రాన్ని దాని పక్కన పెట్టింది. అంకె తగ్గుతూ తగ్గుతూ వచ్చి ఆగింది. ముప్పై ఒకటి.

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. దుప్పటి గోడల మధ్య, మూరెడు దూరంలో, ఆమె నవ్వితే ఎడమ బుగ్గ మాత్రమే సొట్ట పడుతుందని తెలిసింది. మ్యాప్‌లో లేని విషయం.

తర్వాత ఆమె నవ్వడం మానేసి మా మెట్టు మీద కూర్చుంది.

"పెట్టె బిగించిన రోజు ఇక్కడ ఒక్క దుప్పటీ లేదు. ఆ రోజు ఆదివారం."

"ఆదివారం మాకు సెలవు."

"పై నుంచి ఉపగ్రహం తీసిన బొమ్మలో మీ వీధి ఎర్రగానే ఉంది. అది రేకుల వేడిలే అనుకున్నాను. పెట్టెలో తడి ఎప్పుడూ ఎక్కువే ఉండేది. పక్కన ఏదో కాలువుందిలే అనుకున్నాను. ఆదివారాలు అంకె పెరిగితే పెట్టె పొరపాటులే అనుకున్నాను. ఒక్కసారి వచ్చి చూస్తే సరిపోయేది."

అమ్మ ఆమెకు చల్లటి నీళ్ళు ఇచ్చి, "తప్పు మా దుప్పట్లదా, మీ పెట్టెదా?" అని అడిగింది.

"నాదండీ," అంది.

అంత తేలిగ్గా, అంత సూటిగా ఆ మాట అనగలిగిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

తేలిగ్గా లేనిది ఆ తర్వాతది. జాబితా శుక్రవారం కౌన్సిల్ ముందుకు వెళుతుంది. మధ్యలో ఆదివారం పోను నాలుగు రోజులు. వాళ్ళ పెద్ద ఇంజనీరు విని, "ఒక్క వీధే కదా, వచ్చే ఏడు చూద్దాం. ఇప్పుడు నోరెత్తకు," అన్నాడట. కారణం లేకపోలేదు. కౌన్సిల్లో ఓ నల్ల కళ్ళజోడు సభ్యుడున్నాడు. చెట్లన్నీ పెద్ద దుకాణాల రోడ్డులోనే నాటాలని ఆయన పట్టుదల. మ్యాప్‌లో ఓ చిల్లు దొరికితే చాలు, మొత్తం చింపేస్తాడు. పైగా ఆమె ఉద్యోగం ఏడాది ఒప్పందం మీద. ఆ నెలాఖరుకి ముగుస్తుంది.

ఇదంతా మా కొట్టు ముందు నిలబడి చెప్పింది. నేను పెద్ద త్యాగమూర్తిలా, "పోనీలెండి, మాకు వచ్చే ఏడు చూద్దురుగాని. మీ ఉద్యోగం ముఖ్యం," అన్నాను.

మెచ్చుకుంటుందనుకున్నాను.

"మీరు మొన్న ఆఫీసుకి ఎందుకొచ్చారు?" అంది.

"మా అమ్మ కోసం."

"వచ్చే ఏడు దాకా కళ్ళు తిరగకుండా ఉండమని మీ అమ్మగారికి చెప్పారా మరి? నా మీద జాలి పడమని మిమ్మల్ని ఎవరడిగారు?"

టోపీ పెట్టుకుని వెళ్ళిపోయింది. అమ్మ ఇస్త్రీ ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "బీకాం చదివించాను నిన్ను," అంది.

సాయంత్రం ఫోన్ మోగింది. "మీ దగ్గర నిచ్చెనుందా?"

"ఉందండీ."

"ఎన్నడుగులు?"

"పది. ఎందుకు?"

"మిగతా ముప్పై తొమ్మిది పెట్టెల దగ్గరా నేనే చేత్తో కొలవాలి, మధ్యాహ్నం పూట. అవి మీదానిలా చేతికందవు. మూడు రోజులే ఉంది. ఆఫీసు బండి ఇవ్వరు. మీ బండి ఖాళీయేనా?"

అలా మా దుప్పట్ల బండి కొలతల బండయింది. రోజుకు పదమూడు వీధులు. నేను నిచ్చెన పట్టుకోవడం, ఆమె ఎక్కడం, పైనుంచి అంకెలు చెప్పడం, నేను రాయడం. ప్రేమకథన్నాక ఎక్కడో ఒకచోట వాన పడాలి కదా, రెండో రోజు మబ్బు పట్టింది కూడా. ఆమె నిచ్చెన మీంచి ఆకాశం చూసి, "వాన వద్దు, కొలతలు పాడవుతాయి," అంది. నేనూ పైకి చూసి వద్దు వద్దని చెయ్యూపాను. మబ్బు పోయింది. లోకంలో వానను వెనక్కి పంపిన ప్రేమికుణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

"నిచ్చెన గట్టిగా పట్టుకున్నారా?"

"పట్టుకున్నాను."

"మరి నా వైపు చూస్తారేం? నిచ్చెన వైపు చూడండి."

"మీరు పడితే పట్టుకోవాలని."

"నేను పడను. రాయండి, నలభై ఒకటి పాయింట్ రెండు."

అది నేను చాలా శ్రద్ధగా, చాలా అందమైన చేతిరాతతో రాశాను. ముప్పై తొమ్మిదికి ముప్పై తొమ్మిదీ సరిపోయాయి.

ఇంకో చిక్కు మా అమ్మే తెచ్చింది. "చెట్లంటే నాకూ ఇష్టమే," అంది గురువారం. "చెట్టు మీద వాలే పిట్టల సంగతేంటమ్మాయ్? మావి తెల్ల దుప్పట్లు."

వేరేవాళ్ళయితే పిట్టలకు నచ్చజెపుతామని నవ్వేసి ఊరుకునేవారు. ఆమె మా కొట్లోని పొట్లాల కాగితం నేల మీద పరిచి, బోర్లా పడుకున్నట్టు వంగి, మా వీధి గీసింది. మధ్యాహ్నం ఎండ పడమటి నుంచి కొడుతుంది కాబట్టి చెట్లన్నీ పడమటి వరసలో. తాళ్ళన్నీ తూర్పు వరసలో, కొమ్మలు చేరనంత దూరంలో. రేకులకు తెల్ల రంగు. ఇస్త్రీ గదుల మీద తీగల పందిరి.

"స్తంభం మీ పెట్టెకిచ్చేస్తే తాడు దేనికి కట్టాలి?" అంది అమ్మ.

"మీకు వేరే స్తంభం వేయిస్తాను."

"రెండు వేయించు."

"రెండు," అని కాగితం మీద రాసుకుంది.

శుక్రవారం కౌన్సిల్ హాల్లో వెనక బెంచీ మీద అమ్మా, నేనూ, మా వీధివాళ్ళు ఇంకో ఆరుగురూ కూర్చున్నాం. ఆమె లేచి, గొంతు సర్దుకోకుండా, కాగితం చూడకుండా, "జాబితాలో ఒక తప్పుంది. అది నాది," అని మొదలుపెట్టింది. దుప్పట్ల సంగతి చెప్పింది. హాలంతా నవ్వింది. పెద్ద ఇంజనీరు తల పట్టుకున్నాడు.

నల్ల కళ్ళజోడు సభ్యుడు నవ్వలేదు. నిదానంగా లేచాడు. "ఒకటి తప్పయినప్పుడు మిగతా ముప్పై తొమ్మిది నిజమని మేమెందుకు నమ్మాలమ్మా?"

ఇది అడుగుతాడని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

"ముప్పై తొమ్మిదీ ఈ మూడు రోజుల్లో నేనే నిచ్చెనెక్కి మళ్ళీ కొలిచాను. ఆ కాగితాలు మీ ముందున్నాయి," అంది. "ఇంకో మాటండీ. ఆ వీధి తప్పని నేను చెప్పకపోతే ఈ హాల్లో ఎవరికీ తెలిసేది కాదు. మా మ్యాప్‌లో తప్పుంటే మేమే వచ్చి చెపుతాం. మిగతావి నమ్మమని అడగడానికి నా దగ్గరున్న కారణం అదే."

ఆయన కళ్ళజోడు తీసి కాగితాలు తిరగేశాడు. చాలాసేపు తిరగేశాడు. ఏ అంకె దగ్గరా ఆగలేకపోయాడు. చివరికి, "చేతిరాత బావుంది," అని కూర్చున్నాడు. ఆ మెప్పు నాదని ఆయనకు తెలియదు.

అధ్యక్షురాలు అడిగింది. "సరిదిద్దితే ఆ వీధిది ఎన్నో స్థానం?"

"ఒకటండీ."

"పదో వీధి వాళ్ళకి మాటిచ్చేశాం కదా. అయితే ఈసారి పదకొండు వీధులు. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

చేతులు లేచాయి. కౌన్సిల్లో మనకు ఓటు లేదన్న సంగతి మరిచిపోయి అమ్మ కూడా చెయ్యెత్తింది. ముప్పై ఏళ్ళుగా ఆవిరిలో నానిన ఆ చెయ్యి అంత ఎత్తుకు లేవడం నేను అప్పుడే చూశాను. బయటికొచ్చాక పెద్ద ఇంజనీరు ఆమె ఒప్పందం మూడేళ్ళకు పొడిగించమని గుమాస్తాకు చెప్పడం మా అందరి చెవినా పడింది. మా వీధివాళ్ళు నా వైపు చూశారు, ఆమెను నేనే తయారు చేసినట్టు. నేనూ కాదనలేదు.

మొదటి వానలు పడగానే మొక్కలొచ్చాయి. వీధంతా బయటే. మొక్కల బండాయన గుంటలు తవ్వుతుంటే, ఆమె టేపుతో గుంటకీ గుంటకీ మధ్య దూరం కొలుస్తోంది. ఆయన విసిగిపోయి మా అమ్మ దగ్గరికొచ్చాడు.

"ఈ అమ్మాయెవరమ్మా, అంగుళం తేడా వస్తే ఊరుకోవడం లేదు?"

"మా కోడలు," అంది అమ్మ, ఓ పిసరు గర్వంగా, దుప్పటి దులుపుతూ.

టేపు ఆగిపోయింది. నా చేతిలో మొక్క ఆగిపోయింది. అమ్మ మాత్రం దుప్పటి మడత పెట్టుకుంటూ లోపలికెళ్ళిపోయింది.

ఆమె మెల్లగా నా దగ్గరికొచ్చింది. "మీరేమైనా చెప్పారా అమ్మగారికి?"

"లేదండీ. ఇంకా మీకే చెప్పలేదు."

"ఏం చెప్పలేదు?"

"అదే. అమ్మ చెప్పిందే."

ఎడమ బుగ్గ సొట్ట పడబోయి ఆగింది. నేను ధైర్యం కూడగట్టుకున్నాను. "తప్పయితే సరిదిద్దండి. కౌన్సిలంతటి ముందు సరిదిద్దినవారు, ఒక్క మొక్కలాయన దగ్గర మొహమాటమా?"

"నిజమే," అంది. టేపు చుట్టుకుని తిన్నగా ఆయన దగ్గరికి నడిచింది.

"ఏమండీ, ఇందాక ఆవిడ మీతో ఏమన్నారు?"

ఆయన కంగారుపడ్డాడు. "కోడలన్నారమ్మా. కాదా?"

ఆమె వెనక్కి తిరిగి, ఓసారి మా కొట్టునీ, తెల్ల రంగేసిన రేకుల్నీ, మొక్క పట్టుకుని శిలలా నిలబడ్డ నన్నూ చూసింది.

"ఈ గుంట ఇంకో అడుగు అవతలికి తవ్వండి," అంది. "మా గుమ్మానికి అడ్డొస్తోంది."