తోడు మార్చేశారు

మాస్టారిని పట్టపగలు ఆసుపత్రి లిఫ్టులో చంపేశారు. మెడ మీద చిన్న సూదిపోటు, అంతే. తలుపు తెరుచుకునేసరికి మనిషి గోడకు జారగిలబడి ఉన్నాడు, చెవి దగ్గర ఫోను అలాగే ఉంది. ఆ ఫోనులో ఆఖరిగా పలికినవి రెండే మాటలు.

"తోడు మార్చేశారు."

నిఘా విభాగం హెడ్ ఆఫీసులో పెద్దాయన తలుపు గడియపెట్టి, తన ఫోనుకొచ్చిన ఆ రికార్డింగ్ వినిపించాడు. ఎదురుగా బక్కోడు. డిపార్ట్‌మెంట్‌లో అతని అసలు పేరు కంప్యూటర్‌కు తప్ప ఎవరికీ గుర్తులేదు.

"ఇది విన్నది మనిద్దరమే," అన్నాడు పెద్దాయన. "మాస్టారికి తోడుగా పెట్టిన గార్డుని ఆ పొద్దునే మార్చారు. కొత్తవాణ్ణి లోపలేశాం. నోరు విప్పట్లేదు."

"వాడికి తెలిస్తే కదా విప్పడానికి. సార్, మీ ఇంట్లో పాలు ఎవరు తోడేస్తారు?"

"తోడెయ్యడమేంట్రా? డబ్బా పెరుగు కొనుక్కుంటాం."

"అదీ సంగతి. మాస్టారు జీవితమంతా చదివింది పేగుల్లో బ్యాక్టీరియా గురించి. ఆయన నోట తోడంటే మనిషి కాదు సార్. పాలల్లో వేసే తోడు."

పెద్దాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. పుట్టిన ప్రతి బిడ్డకీ నోట్లో వేయబోతున్న కొత్త మంచి బ్యాక్టీరియా చుక్కల మందు సంగతి అతనికి తెలుసు. దాన్నీ పెరుగులాగే తోడేసి పెంచుతారు. మాస్టారు చెప్పిన ఇంకో సంగతి కూడా తెలుసు. ఒక జాతి బ్యాక్టీరియా ఉంది. పేగులో చప్పుడు చేయకుండా కాపురం పెడుతుంది. దాని విషం కణాల డీఎన్ఏని గీరుతుంది. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ గీతే క్యాన్సరై కూర్చోవచ్చు. విదేశీ ముఠా ఒకటి ఆ జాతిని మరింత మొండిగా పెంచుతోందని ఎప్పటినుంచో అనుమానం.

"పేలడానికి ముప్పై ఏళ్లు పట్టే బాంబు," అన్నాడు పెద్దాయన. "అప్పుడు పెట్టినవాడెవడని ఎవడడుగుతాడు?"

 బక్కోడి అక్కకి నలభై కూడా లేవు. పెద్దపేగు క్యాన్సర్. పొద్దున కూడా ఆమె వాంతి బకెట్ కడిగే వచ్చాడు.

"ఆ మందు ఫ్యాక్టరీలో మన ఏజెంట్ ఉంది. కోడ్‌నేమ్ సీతాకోక. క్వాలిటీ మేనేజర్. అంతా ఓకే అని రిపోర్టులు పంపుతోంది. రేపే మొదటి బ్యాచ్. వెళ్లు."

మర్నాడు బక్కోడు బాయిలర్ మెకానిక్ అయ్యాడు. గోళ్లలో గ్రీజు, భుజాన పనిముట్ల సంచి. లోపలికి వెళ్తూనే, తోడు పెంచే సీడ్ ట్యాంకుకి శుద్ధి కోసం ఆవిరి పంపే వాల్వుకి అగ్గిపెట్టెంత మోటారు తగిలించాడు. దాని స్విచ్ చేతి గడియారంలో ఉంది.

సీతాకోక వచ్చింది. తెల్లకోటులో కూడా సినిమాతారలా ఉంది.

"బాయిలర్ దగ్గుతోందట," అన్నాడు.

"మందు మీరే వెయ్యాలి మెకానిక్ గారూ." కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "ఊరికే భయపడుతున్నారు మీవాళ్లు."

"మాస్టారు పోయేముందు ఫోనులో ఏదో అన్నార్ట."

"తోడు ఎలా మారుస్తారు? ఈ ట్యాంకు తాళం నా దగ్గరే ఉంటుంది."

 తోడన్న మాట బక్కోడు అనలేదు. విన్నది తను, పెద్దాయన. ఇంకెవరైనా విన్నారంటే, సూది పట్టుకుని లిఫ్టులో ఉన్నవాళ్లే. గార్డు అమాయకుడే గానీ, పెద్దాయన అర్థమూ తప్పు కాదు. ట్యాంకులో తోడూ మారింది, తమకు తోడున్న మనిషీ మారింది.

ఆమెకీ తట్టింది. కోటు జేబులోంచి పిస్టల్ బయటికొచ్చింది.

"నోరు జారాను కదూ. పర్లేదు. చూడు."

గోడ మీద ఎర్రదీపం మినుకుమంటోంది. అది పచ్చబడితే సీడ్ ట్యాంకు తలుపు తెరుచుకుని, లోపలున్నదంతా పెద్ద ట్యాంకులోకి పోతుంది. అక్కణ్ణుంచి సీసాల్లోకి, పసిపిల్లల నోళ్లలోకి.

"ఎంతకి అమ్ముడుపోయావమ్మా?"

"నీ ఊహకందదులే."

బక్కోడు పక్కకి దూకాడు. గుండు అతనికి తగలకుండా ట్యాంకు గొట్టాన్ని చీల్చింది. పులిసిన కంపుతో గోరువెచ్చటి ద్రవం అతని మొహాన కొట్టింది. కేకేయబోయిన నోట్లోకి గుక్కెడు పోయింది. మింగేశాడు. మింగుతూనే గడియారం నొక్కాడు.

ఆవిరి ట్యాంకులోకి దూసుకొచ్చింది. చీలిన గొట్టంలోంచి బుస్సుమని ఎగజిమ్మింది. సరిగ్గా దాని ఎదురుగా సీతాకోక ఉంది. ఆ అరుపు అతను బతికినంతకాలం మర్చిపోలేడు. దీపం పచ్చబడింది. పెద్ద ట్యాంకులోకి పోయింది ఉడికి చచ్చిన నీళ్లే.

వారం తర్వాత అక్క మంచం పక్కన కూర్చున్నాడు. తమ్ముడిది ఏదో నిఘా ఉద్యోగమని మాత్రమే ఆమెకు తెలుసు.

"నీకేంట్రా ఇన్ని మాత్రలు?"

"తినకూడనిది తిన్నానక్కా. పోయిందో ఉందో చెప్పలేమంటున్నారు. ఏడాదికోసారి పేగులోకి కెమెరా పెట్టి చూస్తారట."

అక్క మాత్రల అట్ట అతని చేతిలో పెట్టింది. "నాకూ ముందే పెట్టి చూసుంటే బాగుండేదిరా."

బక్కోడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఇన్నాళ్లూ అందరి వెనకా నేను కెమెరాలు పెట్టానక్కా. ఇప్పుడు నా వంతు."