తలుపు అవతల ఏముందంటే...

మా ప్రెస్సులో వెనకవైపు ప్రూఫుల గది మంచిది కాదని పేరు. పొద్దుగూకాక ఒంటరిగా కూర్చుంటే తలుపు చప్పుడవుతుందట... తీస్తే ఎవరూ ఉండరట. చీకటి పడితే అటువైపు తొంగిచూసేవాళ్లు లేరు — ఒక్క వివరణాచార్యులు తప్ప.

అది మేం ఆయనకి పెట్టిన పేరు. పాత దెయ్యం కథలకి పేజీ అడుగున వివరణలు రాసి, మళ్లీ అచ్చు వేయించడం ఆయన పని. కథలో గుడ్లగూబ అరిస్తే చాలు, కింద దాని జాతి, తిండి, సంతానం అన్నీ వచ్చి పడతాయి. పైన కథ రెండు లైన్లు, మిగతా పేజీ అంతా ఆయనే. దెయ్యం వచ్చేసరికి చదివేవాడు నిద్రపోతాడు.

ఈసారి ఎత్తుకున్న కథలో, ఒంటరివాడి ఇంటి తలుపు రోజూ రాత్రి ఎవరో తడతారు. చివరికి అతను గొళ్లెం తీస్తాడు... కథ అక్కడితో అయిపోతుంది. అవతల ఏముందో రాసినాయన చెప్పలేదు.

మా ఆచార్యులవారు చెబుతానన్నారు.

కంపోజింగ్ చేసే అక్క విలవిల్లాడిపోయింది. చిన్నప్పుడు వాళ్ల నాన్న ఆ కథ చదివి, చివరి వాక్యం దగ్గర లైటు ఆర్పేసేవాడట. ఆయన పోయాడు. ఆ భయం ఒక్కటే ఆమెకి మిగిలింది.

"ఆ ఒక్కటీ వదిలేయండి సార్..." అని బతిమాలింది.

"భయమంటే అజ్ఞానమమ్మా! పొద్దున్నకల్లా రాసిచ్చేస్తాను."

ఆ సాయంత్రం అందరూ వెళ్లిపోయారు. ఆయన ప్రూఫుల గదిలో గొళ్లెం పెట్టుకుని రాస్తున్నారు. ఉన్నట్టుండి కరెంటు పోయింది.

టక్... టక్...

"ఎవరూ?"

టక్...

"ఎవరు... బాబూ?"

తలుపుకి ఆనుకుని ఎవరో ఊపిరి పీల్చారు — అంతే. అజ్ఞానం మీద అన్ని పేజీలు రాసిన మనిషికి గొళ్లెం తీయడానికి చెయ్యి లేవలేదు. పొద్దున ఊడ్చేవాడు వచ్చి పిలిస్తే, బల్ల కింద నుంచి బయటికొచ్చారు.

"చివరి వాక్యానికి వివరణ అక్కర్లేదు," అన్నారు, దుమ్ము దులుపుకుంటూ.

వెళ్లినట్టే వెళ్లి, తిరిగొచ్చి తట్టింది అక్కే. మిషన్ దగ్గర పనిచేసే నాకు తర్వాత తనే చెప్పింది, పడీపడీ నవ్వుతూ. "ఆయన నిజంగా తీస్తారేమోనని నేనే పారిపోబోయానురా!"

నేను చివరి పేజీ అచ్చువేసి ఇస్తే, ఆ వాక్యం కింద ఖాళీని చూసి కళ్లు తుడుచుకుంది. వాళ్ల నాన్న తలుపు దక్కిందని నాకూ సంతోషమేసింది.

అట్టలు మాత్రం ఓనరుగారు బయట వేయించారు. పుస్తకాల కట్ట వచ్చిన రోజు, పైకాగితం చింపింది నేనే.

అట్ట మీద బార్లా తెరిచిన తలుపు. అవతల — ఎర్రటి కళ్లు, జానెడు కోరలు, నెత్తురు కారే నాలుక... నిగనిగలాడే రంగుల్లో.

"అదిరింది కదూ?" అన్నారు ఓనరుగారు. "లోపలేముందో జనానికి తెలియొద్దూ?"

అక్క మెల్లగా పుస్తకాన్ని బోర్లించింది.

వెనక అట్ట మీద కూడా అదే ఉంది — ఇంకా దగ్గర్నుంచి.